సొరుగులో శిథిలమైన గని: ఒక విశ్వవిద్యాలయ ఖనిజ మ్యూజియంలో పైరైటు క్షయంపై కేస్ స్టడీ

భూగర్భశాస్త్ర విభాగానికి అనుబంధంగా నడిచే ఒక ఖనిజ మ్యూజియంలో సేకరణల సంరక్షణ నా బాధ్యత. విశ్వవిద్యాలయాల్లో ఉండే ఇలాంటి చాలా మ్యూజియాల్లాగే మా దగ్గరా రెండు సేకరణలు ఉన్నాయి. మొదటిది ప్రపంచ సేకరణ. అందులో స్పెయిన్‌లోని నవహూన్ పైరైటు (ఇనుము, గంధకం కలిసిన, బంగారంలా మెరిసే ఖనిజం) ఘనాలు, నమీబియాలోని సుమెబ్ గని అజురైటు, సిసిలీ గంధకం, ఎల్బా దీవి హెమటైటు ఉన్నాయి. అతినీలలోహిత దీపం వేయగానే ఒకపక్క పచ్చగా, మరోపక్క ఎర్రగా వెలిగే, అమెరికాలోని ఫ్రాంక్లిన్ గని విల్లెమైటు-కాల్సైటు ముక్కలూ ఉన్నాయి. రెండోది ప్రాంతీయ సేకరణ. మా చుట్టుపక్కల ఒకప్పుడు పనిచేసిన సల్ఫైడు (లోహాలు గంధకంతో కలిసిన ఖనిజాల) గనుల నుంచి వచ్చిన స్ఫాలరైటు, గలీనా, పైరైటు, మార్కసైటు, పిర్రొటైటు అందులో ఉన్నాయి. చూడడానికి నల్లగా, మసకగా, చేత్తో ఎత్తితే బరువుగా ఉండే రాళ్లవి. వాటి ముందు ఆగి ఫోటో తీసుకునే సందర్శకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

లైట్లు, గాజు బీరువాలు, తాళాలు, బీమా అన్నీ మొదటి సేకరణకే దక్కాయి. రెండోది వెనకగదిలో చెక్క బీరువాల్లో పడి ఉంది. నా దృష్టిలో ఈ ఏర్పాటు తలకిందులు. నవహూన్ ఘనం పోతే డబ్బు పెట్టి మరొకటి కొనవచ్చు. మా గనులు మాత్రం మూతపడ్డాయి, పంపులు ఆపేశారు, సొరంగాలు నీళ్లతో నిండిపోయాయి. ఆ లోతుల నుంచి వచ్చిన రాయి ఎంత వెల పెట్టినా మళ్లీ దొరకదు. సుమెబ్ గని కూడా 1996లో మూతపడింది. అయితే దాని నమూనాలు ప్రపంచమంతటా వందల సేకరణల్లో భద్రంగా ఉన్నాయి. మా గనుల నమూనాలు ప్రధానంగా మా దగ్గరే ఉన్నాయి. ఆ వెనకగదిలో ఏం జరిగింది, ఎలా కనిపెట్టాం, దేన్ని కాపాడగలిగాం, దేన్ని వదులుకున్నాం అన్నది ఈ కేసు.

కనిపించిన లక్షణాలు

సల్ఫైడుల బీరువా తలుపు తీయగానే పుల్లటి, గంధకపు ఘాటు వాసన వచ్చింది. సంరక్షకుడి దృష్టిలో ఆ వాసనే సగం నిర్ధారణ. నమూనాలు ఒక్కొక్కటీ అట్టపెట్టెలో, దూదిపరుపు మీద, పక్కన చీటీతో ఉండాలి. కింది వరసలో ఒక సొరుగులో దూది గోధుమరంగుకు తిరిగి, వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. అట్టపెట్టె అడుగు నిప్పు తగిలినట్టు నల్లబడింది. రాయి మీద తెల్లటి, పసుపు కలిసిన బూజులాంటి పూత ఉంది. దాన్ని కుంచెతో కదిలిస్తే కింద రాయి పొరలు పొరలుగా పగిలి ఉంది. ఆమ్లాన్ని పట్టిచూపే పీహెచ్ కాగితం తడిపి ఆనించగానే ఎర్రబడింది.

చీటీల పరిస్థితి ఇంకా అన్యాయం. టైపు చేసిన అక్షరాలు సగం ఉన్నాయి, మిగతా సగం ఉండాల్సిన చోట కన్నాలున్నాయి. అది కేవలం కాగితమే కదా అనుకోవడానికి లేదు. ఖనిజ నమూనాకు శాస్త్రీయ విలువ తెచ్చేది అది ఎక్కడిదన్న సమాచారం: ఏ గని, ఏ స్థాయి, ఏ ధాతు సిర, ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు. ఆ వివరాలు తెలియని గలీనా ముక్కను మొదటి సంవత్సరం విద్యార్థుల కాఠిన్య పరీక్షకు ఇవ్వవచ్చు. పరిశోధనకు అది అక్కరకు రాదు.

అలాంటప్పుడు అండగా ఉండాల్సింది రాయి మీదే రాసిన సంఖ్య. పాతకాలపు క్యూరేటర్లు రాయికి ఒక మూల చిన్న తెల్లరంగు పట్టీ వేసి, దాని మీద నల్లసిరాతో రిజిస్టరు సంఖ్య రాసేవారు. చక్కని పద్ధతి. కానీ రాయి ఉపరితలమే పగిలి రాలిపోతున్నప్పుడు ఆ పట్టీ కూడా దానితో ఊడిపోతుంది. మూడు నాలుగు సొరుగుల్లో రాయి, సంఖ్య, చీటీ దేనికది విడిపోయి ఉన్నాయి. రిజిస్టరు మాత్రం వేరే గదిలో ఉండడంతో చెక్కుచెదరలేదు.

నష్టం సల్ఫైడులతో ఆగలేదు. పక్క పెట్టెల్లోని కాల్సైటు స్ఫటికాల అంచులు మొద్దుబారాయి. వాటి మీద సన్నటి సూదులు మొలిచాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి జిప్సం. పైరైటు నుంచి పుట్టిన ఆమ్లం పొరుగు రాయిని కూడా తినడం మొదలుపెట్టిందన్నమాట.

కారణం

పైరైటు, మార్కసైటు రెండింటి రసాయన సూత్రం ఒక్కటే: ఒక ఇనుము పరమాణువుకు రెండు గంధకపు పరమాణువులు. పరమాణువుల అమరిక వేరు, అంతే. గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి వీటి మీద పనిచేస్తే ఐరన్ సల్ఫేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడతాయి. ఆ ఆమ్లం గాలిలోని తేమను మరింతగా లాగుతుంది. చర్య మరింత ముందుకు సాగుతుంది. ఒకసారి మొదలైతే తనను తానే పోషించుకునే క్షయమిది.

రాయిని పగలగొట్టేది ఆమ్లం ఒక్కటే కాదు, లవణాల వాపు కూడా. గాలి కొంత పొడిగా ఉన్నప్పుడు పుట్టే ఐరన్ సల్ఫేటును రోజెనైటు అంటారు. అందులో ప్రతి ఇనుము పరమాణువుకు నాలుగు నీటి అణువులు ఉంటాయి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే అది ఏడు నీటి అణువుల మెలాంటరైటుగా, అంటే మనకు తెలిసిన అన్నభేదిగా మారుతుంది. పైరైటు పూర్తిగా అన్నభేదిగా మారితే దానికి మొదటి ఘనపరిమాణానికి సుమారు ఆరు రెట్ల చోటు కావాలి. చిన్న పగులులో ఆ వాపు మొదలైతే రాయి నిలవదు. వానాకాలంలో తేమ ఎక్కి, ఎండాకాలంలో దిగే గదిలో లవణం ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతూ పగుళ్లను ఏటేటా వెడల్పు చేస్తుంది. మా వెనకగదికి ఉన్న ఒకే కిటికీ సరిగా మూసుకునేది కాదు.

మరి అదే భవనంలో, అదే గాలిలో నవహూన్ పైరైటు అద్దంలా ఎలా మెరుస్తోంది? విభాగంలో అందరూ అడిగిన ప్రశ్న ఇదే. జవాబు స్ఫటికాల పరిమాణంలో, లోపలి లోపాల్లో ఉంది. గట్టిగా, పెద్దగా, ఒకే ముక్కగా పెరిగిన స్ఫటికానికి గాలి తగిలే ఉపరితలం తక్కువ. అవక్షేపాల్లో సన్నటి రేణువులుగా, గుత్తులుగా పుట్టిన పైరైటుకు, మార్కసైటుతో కలగలిసిన పైరైటుకు ఆ ఉపరితలం ఎన్నో రెట్లు ఎక్కువ, రంధ్రాలూ ఎక్కువే. మా గనుల ధాతువు రెండో రకం. అందువల్ల చీటీ మీద 'పైరైటు' అని ఉన్నంత మాత్రాన అన్నిటికీ ఒకే జాగ్రత్త సరిపోదు.

దీన్ని ఒకప్పుడు బాక్టీరియా పని అనుకున్నారు. గనుల నుంచి పారే ఆమ్లజలాల్లో గంధకాన్ని, ఇనుమును ఆక్సీకరించే బాక్టీరియా ఉండే మాట నిజమే. కానీ వాటికి దాదాపు తడిగా ఉన్న వాతావరణం కావాలి, మ్యూజియం సొరుగులో అంత తేమ ఉండదు. ఇక్కడ జరిగేది నేరుగా రసాయన ఆక్సీకరణమే. ఆ పాత నమ్మకంతో క్రిమిసంహారక ద్రావణాల్లో ముంచిన నమూనాలు, వార్నిషు పూసిన నమూనాలు మా బీరువాలో కనిపించాయి. వార్నిషు వేసినవే ఎక్కువగా పాడయ్యాయి. పూత ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపలేదు, లోపలి ఆమ్లాన్ని మాత్రం బయటికి పోకుండా పట్టి ఉంచింది.

ముందు చీటీలు

రాళ్లకు చికిత్స మొదలుపెట్టాలని సిబ్బంది తొందరపడ్డారు. నేను ఒప్పుకోలేదు. రాయి ఇంకో నెల ఆగుతుంది, చీటీ ఆగదు. పైగా సొరుగులో ఏది ఎక్కడ ఉందన్నదే మాకు మిగిలిన ఏకైక ఆధారం. ఒక్క పెట్టె కదిలించినా అదీ పోతుంది.

ప్రతి సొరుగునూ తీసిన స్థితిలోనే పైనుంచి ఫోటో తీశాం. తర్వాత ప్రతి పెట్టెనూ కొలబద్ద పక్కన పెట్టి తీశాం. చీటీలను పట్టకారుతో ఎత్తి, పాలియెస్టర్ పొరల మధ్య పెట్టి స్కాన్ చేశాం. వెలిసిన సిరా అతినీలలోహిత కాంతిలో కొన్నిచోట్ల చదవడానికి వీలైంది. చిరిగిన చీటీని అతికించే ప్రయత్నం చేయలేదు. ముక్కలన్నీ ఒకే సంచిలో పెట్టి, పైన కొత్త చీటీ చేర్చాం.

విడిపోయిన రాళ్లను చీటీలతో కలపడంలో మాకు అక్కరకొచ్చిన ఆధారం ఒక పరిశోధక విద్యార్థిని కంట పడింది. ఖాళీ పెట్టెలను పారేయబోతుంటే, "మేడమ్, ఈ మరక ఆకారం చూడండి" అంది. ఆమ్లం అట్టను కాల్చినప్పుడు రాయి అడుగు ఆకారమే అచ్చుగా పడింది. ఒకచోట మూల తిరిగిన త్రిభుజం, మరొకచోట నడుమ నొక్కుకుపోయిన దీర్ఘచతురస్రం. సంఖ్య ఊడిన రాళ్లను ఒక్కొక్కటిగా ఆ మరకల మీద పెట్టి చూశాం. బాగా పట్టినవాటిని రిజిస్టరులోని కొలతలతో, ఖనిజాల జాబితాతో పోల్చాం. రాయి తిన్న పెట్టే దాని చిరునామా చెప్పింది. ఆ పెట్టెలను పారేయలేదు, సంఖ్యలు వేసి దాచాం.

అయినా కొన్ని మిగిలాయి. వాటికి ఖనిజం అంటి ఉన్న మాతృశిల నుంచి సూక్ష్మదర్శినిలో చూడడానికి పలుచని ఛేదాలు చేయించి, మా విభాగంలో పాత విద్యార్థులు రాసిన క్షేత్ర నివేదికల్లోని వర్ణనలతో సరిచూశాం. స్ఫాలరైటులో ఇనుము పాలు పెరిగే కొద్దీ రంగు తేనె నుంచి నలుపుకు పోతుంది, ఆ తేడా కొంత దారి చూపింది. ఇలా కుదిరిన గుర్తింపులను నిశ్చయంగా తెలిసినవాటితో కలపలేదు. డేటాబేసులో వాటికి వేరే గడి పెట్టి, ఏ ఆధారంతో నిర్ణయించామో రాశాం. ఏ ఆధారమూ దొరకనివాటిని బోధన సేకరణకు మార్చాం.

ఇక్కడే ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. పాత చీటీలోని పేరు ఇప్పటి పద్ధతికి సరిపోకపోయినా దాన్ని కొట్టేయకూడదు. ఖనిజాల పేర్లు మారుతుంటాయి. 1997లో అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం జియోలైటుల నామకరణాన్ని సవరించాక, హ్యూలాండైటు, స్టిల్బైటు అని ఊరికే రాస్తే చాలడం లేదు, అందులో ప్రధానంగా ఉన్న లోహ మూలకం గుర్తు కూడా జతచేయాలి. గట్టి నల్ల మాంగనీసు ఆక్సైడులన్నిటికీ ఒకప్పుడు రాసిన 'సిలోమెలేన్' ఇప్పుడు ఖనిజ జాతిగా చెల్లదు. ఆ సంఘం గుర్తించిన జాతులు ఇప్పుడు 6 వేలు దాటాయి. కొత్త పేరు కొత్త చీటీ మీద, తేదీతో, పరీక్ష వివరంతో ఉండాలి. పాతది దాని వెనకే ఉండాలి. 1833లో మొదలైన జర్మన్ వ్యాపార సంస్థ క్రాంట్జ్, ఫిలడెల్ఫియా వ్యాపారి ఫుట్ అమ్మిన నమూనాల చీటీలు చూస్తే అవే ఒక చరిత్ర. అక్షరాల తీరుతో, చిరునామాతో ఆ నమూనా ఏ కాలంలో చేతులు మారిందో అంచనా వేయవచ్చు.

చికిత్స

రాళ్లను మూడు రకాలుగా విడదీశాం. ఆ విభజనలో ముందు చూసింది క్షయం తీవ్రత కాదు, రాయిలో రాగి ఉందా లేదా అన్నది; ఆ తర్వాతే రాయి గట్టితనం.

రాగి లేని, కాస్త గట్టిగా ఉన్న నమూనాలకు అమ్మోనియా ఆవిరి వాడాం. మూత బిగుతుగా పట్టే పెట్టె అడుగున అమ్మోనియా ద్రావణాన్ని పాలిఇథిలీన్ గ్లైకాల్‌తో కలిపి పెట్టి, పైన జాలీ మీద రాయిని ఉంచుతారు. గ్లైకాల్ పెట్టెలోని తేమను కట్టడి చేస్తుంది, ఆవిరి ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. పసుపు తెలుపు పూత ఇటుకరంగుకు తిరిగితే చర్య జరిగినట్టు. తర్వాత ఆ పొడిని మెత్తని కుంచెతో, సన్నటి గొట్టం ఉన్న వాక్యూమ్‌తో తీసేయాలి. ఇదంతా పొగ పీల్చే యంత్రం ఉన్న గదిలోనే చేయాలి. రాయి అసలు మెరుపు ఈ పద్ధతితో తిరిగి రాదు. అది రాదని విభాగాధిపతికి ముందే రాసి ఇచ్చాం.

బాగా గట్టి నమూనాలు కొన్నింటిని ఇథనోలమైన్ థయోగ్లైకొలేటు కలిపిన ఆల్కహాలులో నానబెట్టాం. ఇనుము లవణాలు కరిగే కొద్దీ ద్రావణం ముదురు ఊదారంగులోకి మారుతుంది. కొత్త ద్రావణంలో ఊదారంగు రావడం ఆగేదాకా మారుస్తూ ఉండి, చివర ఆల్కహాలుతో కడిగి ఆరబెట్టాలి. పనితనం బాగుంది, వాసన భరించడం కష్టం. పగుళ్లున్న రాయిని అందులో వేస్తే అక్కడికక్కడే విడిపోవచ్చు, కాబట్టి ఎక్కువ వాటికి ఇది కుదరలేదు.

రాగి ఖనిజాలున్న నమూనాలను వీటిలో దేనికీ అప్పగించలేదు. అమ్మోనియా రాగితో కలిస్తే ముదురునీలం సంక్లిష్ట సమ్మేళనం ఏర్పడుతుంది. మాలకైటు, అజురైటు వంటివి ఉన్న రాయిని ఆ పెట్టెలో పెట్టడమంటే చికిత్స పేరుతో దాన్ని కరిగించడమే. మా గనుల నమూనాల్లో పైరైటు పక్కనే రాగి కూడా ఉండే చాల్కోపైరైటు, దాని మీద సన్నటి ఆకుపచ్చ పొర తరచు కనిపిస్తాయి. వాటికి పొడి కుంచె శుభ్రత ఒక్కటే చేసి, ఆక్సిజన్ లేని సంచుల్లో పెట్టాం. వాయువులు దూరని ప్రత్యేక పొరతో చేసిన సంచిలో రాయిని, ఆక్సిజన్ శోషక పొట్లాన్ని, సూచిక బిళ్లను పెట్టి వేడితో అంచు మూస్తారు. ఆక్సిజన్ పోయిందనడానికి బిళ్ల గులాబీరంగులో ఉండాలి, నీలానికి తిరిగితే సంచికి కన్నం పడినట్టే. సంచి లోపల పదునైన స్ఫటికపు మొనలకు మెత్తని పాలిఇథిలీన్ నురగ తొడగకపోతే ఆ కన్నం రాయే పెడుతుంది.

పొడిగా రాలిపోయిన నమూనాలను రాళ్లుగా నిలబెట్టే ప్రయత్నం చేయలేదు. ఆ పొడిని గాజు సీసాల్లో నింపి, సంఖ్య వేసి ఉంచాం. అందులో ఇంకా జింకు, సీసం, స్వల్ప మోతాదులో ఉండే ఇతర మూలకాల పాళ్లు కొలవవచ్చు. ఆ గనికి సంబంధించి మిగిలిన రసాయన సాక్ష్యం అదొక్కటే కావచ్చు.

అన్నిటికీ ఒకే తేమ పనికిరాదు

చికిత్స అయిన రాళ్లను మళ్లీ అవే చెక్క బీరువాల్లో పెడితే చేసిందంతా వృథా. గట్టి చెక్క, ముఖ్యంగా ఓక్, అసిటిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా వదులుతుంది. గవ్వల సేకరణల్లో తెల్లటి పూత పట్టి గవ్వను తినేసే బైన్ జబ్బుకు మూలం ఇదే. కాల్సియం క్లోరైడు, అసిటేటు కలిసిన కాల్క్లసైటు అనే పదార్థాన్ని బెల్జియంలో మ్యూజియం నమూనాల మీదే మొదట వర్ణించారు. ప్రకృతిలో పుట్టనిది, ఓక్ సొరుగులో పుట్టినది. మ్యూజియం తన బీరువాతో తానే ఒక పదార్థాన్ని తయారుచేసిన ఆ సంగతి తలచుకుంటే మా వృత్తి మీద నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

అందుకే పౌడర్ పూత వేసిన ఉక్కు బీరువాలు, తలుపు అంచులకు బిగుతైన పట్టీలు, ఆమ్లరహిత అట్టపెట్టెలు అడిగాం. డబ్బు ఒక్క బీరువాకే వచ్చింది. దాన్ని సల్ఫైడులకు కేటాయించి, మిగతావాటిని మూతపెట్టెల్లో పెట్టి చెక్క బీరువాల్లోనే ఉంచాం. సల్ఫైడుల బీరువాలో సిలికా జెల్ పెట్టి ఆర్ద్రత 30 శాతం దగ్గర నిలిపాం. రంగు మారే జెల్‌లో నారింజరంగుది ఎంచుకున్నాం, నీలంరంగు జెల్‌లో ఉండే కోబాల్టు క్లోరైడు విషపూరితం. తేమ కొలిచే పరికరాలు క్రమంగా తప్పు చూపుతాయి, కాబట్టి వాటిని తరచు సరిచూడాలి. మూసిన డబ్బాలో సంతృప్త ఉప్పు ద్రావణం పక్కన పెడితే గది ఉష్ణోగ్రత దగ్గర 75 శాతం, మెగ్నీషియం క్లోరైడు ద్రావణం పక్కన 33 శాతం చూపాలి. ఖర్చు లేని పరీక్ష ఇది. ఎందుకో చాలామంది చేయరు.

అయితే 30 శాతం అందరికీ మేలు చేయదు. అంత పొడి గాలిలో మైలుతుత్తం, అంటే చాల్కంథైటు, నీరు కోల్పోయి నీలం వెలిసి తెల్లబడుతుంది. వెలిగారం స్ఫటికాలు సుద్దముక్కల్లా మారతాయి. ఓపల్ పగుళ్లిస్తుంది. రెండో వైపు చూస్తే, సైంధవ లవణపు స్ఫటికం 75 శాతం దాటితే నీరుకారిపోతుంది. సిసిలీ గంధకానికి తేమ పట్టింపు లేదు, వేడి పట్టింపు ఉంది. అరచేతి వెచ్చదనానికే చిటపటమని పగులుతుంది. రేడియోధార్మిక ఖనిజాలకు కావలసింది గాలి ఆడడం, ఎందుకంటే యురేనియం ఖనిజాల నుంచి వచ్చే రాడాన్ వాయువు మూసిన బీరువాలో పోగవుతుంది.

కాబట్టి ఖనిజ వర్గీకరణ ప్రకారం నమూనాలను సర్దే మా పాత అలవాటును మార్చాం. వర్గీకరణ డేటాబేసులో ఉంటే చాలు. బీరువాలో రాయి పక్కన రాయి ఉండడానికి కారణం వాటి బంధుత్వం కాకూడదు, వాటి అవసరం కావాలి. ఈ మార్పుకు మా పెద్ద అధ్యాపకులు కొందరు ఇంకా నన్ను క్షమించలేదు. సల్ఫేటుల బీరువా ఏదని అడిగితే ఇప్పుడు మూడు చోట్లు చూపించాల్సి వస్తోంది.

మా రాళ్లు వేరేచోట

పూర్తిగా పోయిన నమూనాల జాబితా తయారుచేస్తుండగా మార్పిడి రిజిస్టరు తీశాం. మా ప్రపంచ సేకరణలో కొన్నవి కొంతే. మిగతాది దాతలు ఇచ్చినది, ఇతర విశ్వవిద్యాలయాలతో ఇచ్చిపుచ్చుకున్నది. ఖనిజ మ్యూజియాలు ఒకదానితో ఒకటి అదనపు నమూనాలు మార్చుకోవడం పాత ఆనవాయితీ. జర్మనీలోని ఫ్రైబర్గ్ గని విద్యాలయం 1765లో మొదలైంది. హార్వర్డ్ ఖనిజ సేకరణ 1784 నాటిది. మిషిగన్‌లోని హౌటన్‌లో 1902 నుంచి ఉన్న సీమన్ మ్యూజియంకు పేరు తెచ్చింది దాని ఇంటిముందరి కీవీనా ద్వీపకల్పపు సహజ రాగి. ఫ్రైబర్గ్‌కు సాక్సనీ వెండి ఖనిజాలు అలాంటివే. ఇలాంటి మ్యూజియాల అదనపు నమూనాలు ఊళ్లు దాటి ఇతరుల ప్రపంచ సేకరణల్లో చేరతాయి. మా దగ్గర నుంచి కూడా ఒకప్పుడు పెట్టెలు వెళ్లాయి. ఏ సంఖ్య గల నమూనా ఎవరికి వెళ్లిందో, బదులుగా ఏం వచ్చిందో రిజిస్టరులో ఉంది.

ఆ చిరునామాలకు ఉత్తరాలు రాశాం. కొన్నింటికి జవాబు రాలేదు, కొన్నిచోట్ల సేకరణే చేతులు మారింది. జవాబిచ్చినవాళ్లు పంపిన ఫోటోల్లో మా గని మార్కసైటు, మా పాత క్యూరేటర్ చేతిరాతలో చెక్కుచెదరని చీటీతో సహా కనిపించింది. పొడిగాలి ఉన్న బీరువాలో, గట్టి పెట్టెలో ఉండడంతో అది నిలిచింది. దాన్ని తిరిగి ఇమ్మని అడగలేదు. మా దగ్గరి పరిస్థితులు చూస్తూ అలా అడగడం తగని పని. చీటీ స్కాన్, కొలతలు, రాయి నుంచి తీసిన చిన్న ముక్క విశ్లేషణ కోరాం, పంపారు. చిరిగిన మా చీటీల్లో ఒకదానికి పోయిన పంక్తి అలా దొరికింది: గనిలో ఏ స్థాయి, ఏ సిర అన్నది.

ఈ అనుభవం తర్వాత ప్రపంచ సేకరణను నేను చూసే తీరు మారింది. అందులోని ప్రతి అనాకర్షణీయమైన ముక్కా ఏదో ఒక మూతపడ్డ గనికి ప్రాంతీయ నమూనా. ఫ్రాంక్లిన్ గని 1954లో మూతపడింది. అక్కడివాళ్లకు ఎప్పుడైనా మా సొరుగులోని చీటీ అవసరపడవచ్చు. అందుకే ఆ సేకరణలో కూడా మెరిసేవాటికంటే ముందు, మూతపడ్డ గనుల రాళ్లకు చీటీలు స్కాన్ చేయించాం. కొత్త ఖనిజ జాతిని ప్రతిపాదించేవాళ్లు మూల నమూనాను ఒక మ్యూజియంలో భద్రపరచాలన్నది అంతర్జాతీయ సంఘం నియమం. అలాంటి మూల నమూనాలు ఉన్న మ్యూజియాలు ఈ పనిని ఇంకా ముందే చేసి ఉండాలి.

గ్యాలరీలో చేసిన మార్పులు

వీటి గురించి క్లుప్తంగానే చెబుతాను. మణిశిల (ఎర్రని ఆర్సెనిక్ సల్ఫైడు, రియల్గార్) స్ఫటికాన్ని ప్రదర్శన నుంచి తీసేశాం. వెలుతురు తగిలితే అది పారారియల్గార్ అనే పసుపు పొడిగా మారుతుంది, ఆ మార్పును వెనక్కి తిప్పలేం. ఇప్పుడు దాని చోట ఫోటో ఉంది, అసలుది చీకటి సొరుగులో ఉంది, అడిగినవారికి చూపిస్తాం. వెలుతురుకు పాడయ్యే ప్రౌస్టైటు అనే వెండి ఖనిజాన్నీ, నల్లబడడం మొదలైన ఇంగిలీకాన్నీ అలాగే లోపలికి పంపాం. రాతినార నమూనాలు మూసిన పెట్టెల్లోకి వెళ్లాయి.

ప్రాంతీయ సేకరణకు గ్యాలరీలో ఒక బీరువా సంపాదించాను. అందులో నవహూన్ ఘనం, దాని పక్కన మా గని నుంచి వచ్చి పొడిగా మారిన పైరైటు, ఆ పెట్టె అడుగున కాలిన మరక, సగం తిన్న చీటీ ఉన్నాయి. పక్కనే రెండింటి రసాయన సూత్రం. విద్యార్థులు అక్కడ ఆగుతున్నారు.

ఇంకా తేలనివి

ఆక్సిజన్ లేని సంచుల్లో పెట్టిన రాళ్లను బోధనకు వాడలేకపోతున్నాం. సంచి తెరిస్తే కొత్త పొట్లం, కొత్త బిళ్ల, కొత్త పొర కావాలి. విశ్వవిద్యాలయ మ్యూజియంలో రాయి చేతికి అందకపోతే అది ఎందుకని అడిగే అధ్యాపకులది న్యాయమైన ప్రశ్నే. అమ్మోనియా చికిత్స పొందిన కొన్ని రాళ్ల పగుళ్లలో మళ్లీ పసుపు పొడి కనిపిస్తోంది. వాటిని రెండోసారి ఆవిరికి పెట్టాలా, నేరుగా సంచుల్లోకి మార్చాలా అన్నది ఒక్కో రాయిని చూసి నిర్ణయిస్తున్నాం. నా మొగ్గు సంచుల వైపే.

సిరల గోడల నుంచి తెచ్చిన లామోంటైటు సంగతి వేరు. తేమ తగ్గితే నీరు వదిలి పొడిగా రాలే జియోలైటు అది. వెనకగదిని సల్ఫైడుల కోసం పొడిగా ఉంచుతున్నాం కాబట్టి దాని పరిస్థితి ఇంకా దిగజారుతోంది. పలుచని యాక్రిలిక్ రెజిన్ పట్టిస్తే ఆకారం నిలుస్తుంది, కానీ తర్వాత రసాయన విశ్లేషణకు అది అడ్డు. తేమ నిలిపే మూతపెట్టెలో పెడితే విశ్లేషణకు ఇబ్బంది లేదు, ఆ పెట్టెను ఎవరో ఒకరు ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి. మంచి స్ఫటికాలున్న కొన్నింటికి రెజిన్ వేసి, మిగతావాటిని తేమ పెట్టెల్లో ఉంచుదామని సేకరణల కమిటీకి రాశాను. జవాబు రావాల్సి ఉంది. అప్పటిదాకా వాటిని గదిలో మిగతా చోట్ల కంటే తేమ కాస్త ఎక్కువగా ఉండే, కిటికీ పక్కనున్న పాత చెక్క బీరువాలో మూతపెట్టెల్లో ఉంచాను.